గారపళ్లు పిల్లలకు వస్తాయా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. బీకాం చదివాను, వయసు 24. రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి కనిగిరి వైపు నుంచి. అబ్బాయికి ఒంగోలులో ఉద్యోగం, మాటలో మర్యాద ఉంది, నాకు నచ్చారు. కానీ ఆయన పళ్లకు గోధుమరంగు గార ఉంది. వాళ్ల నాన్నగారికి నడుము వంగిపోయింది, మెడ తిరగదు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల అంటున్నారు. అబ్బాయి చెల్లెలు పసితనం నుంచి సముద్రం వైపు అమ్మమ్మగారి ఊళ్లో పెరిగింది, ఆ అమ్మాయి పళ్లు బాగానే ఉన్నాయి. మా పెద్దమ్మ మాత్రం "అది ఆ రక్తంలోనే ఉంది, రేపు నీ పిల్లలకూ వస్తుంది" అంటోంది. రెండో సంబంధం మా మేనమామ కొడుకు. తెలిసిన ఇల్లు, ఏ జబ్బూ లేదని అమ్మ అటే మొగ్గుతోంది. మామయ్య పెద్దకూతురికి పుట్టుకతో చెవులు వినిపించవు గానీ, అత్తయ్యకు కడుపుతో ఉన్నప్పుడు జ్వరం వచ్చినందువల్ల అలా అయిందంటారు. ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకే జన్యువులు ఉంటాయని బడిలో చదువుకున్నాను. అలాంటప్పుడు తండ్రి ఒంట్లో ఉన్న జబ్బు బిడ్డకు రాకుండా ఎలా ఉంటుంది?

సమాధానం: రాదు, అమ్మా. ఆ అబ్బాయి పళ్ల మీది గార గానీ, వాళ్ల నాన్నగారి వంగిన నడుము గానీ మీ పిల్లలకు వంశంలో దిగవు. నన్ను కలవరపెట్టింది ఆ సంబంధం కాదు, మీ అమ్మగారు నిశ్చింతగా ఉన్న రెండోది. దాని సంగతి తరువాత రాస్తాను. ముందు మీ చివరి ప్రశ్న. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను, ఇంత సూటిగా ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

మీరు చదివింది నిజమే. తల్లి కడుపులో ఒక్క కణంగా మొదలైన మనం కోట్ల కోట్ల కణాలుగా పెరుగుతాం. చర్మం, ఎముక, కాలేయం, పన్ను, ఏ కణం చూసినా దాదాపు అన్నింటిలోనూ అవే 46 క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే దారాలు, 23 జతలు. జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. 46 అన్న ఈ అంకె కూడా మనకు ఆలస్యంగానే తెలిసింది. 1955 డిసెంబరులో స్వీడన్‌లో జో హిన్ త్జియో అనే శాస్త్రవేత్త సరిగ్గా లెక్కపెట్టేదాకా పుస్తకాలన్నీ 48 అనే చెప్పేవి.

అయితే పిండం ఇంకా వారాల పసికందుగా ఉండగానే, మూడో వారం ప్రాంతంలో, కొద్దిపాటి కణాలు మిగిలినవాటి నుంచి విడిపోతాయి. చేతులు లేవు, కళ్లు లేవు, ఎముక లేదు, అప్పటికే ఆ కణాలు వేరు పడిపోతాయి. ఆ తరువాత అవి మెల్లగా కదిలి, అండాశయమో వృషణమో కాబోతున్న చోటికి చేరి అక్కడ కుదురుకుంటాయి. మన రైతు కోత కాగానే విత్తనాల వడ్లు వేరే మూటకట్టి అటక మీద పెట్టినట్టు అనుకోండి. మిగతా వడ్లు దంచుతారు, వండుతారు, అమ్ముతారు. ఆ మూట జోలికి ఎవరూ పోరు. మీ బిడ్డకు వెళ్లేది ఆ మూటలోని గింజే. వంటింట్లో అన్నం మాడినా అటక మీది విత్తనానికి ఏమీ కాదు.

ఈ రెండు రకాల కణాలకూ విభజనలోనే తేడా ఉంది. దాన్ని నేను పిల్లలకు ఉల్లిపాయతో చూపించేదాన్ని. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, ఉల్లిగడ్డ అడుగు తడిసేటట్టు మూతి మీద కూర్చోబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వేరు కొనను గోరంత కోసి, ఎర్రటి రంగులో నానబెట్టి, గాజు పలక మీద పెట్టి బొటనవేలితో అదిమితే, సూక్ష్మదర్శినిలో ఒక్కో కణంలో 16 దారపు ముక్కలు కనిపిస్తాయి. అవి నిలువునా చీలి అటు 16, ఇటు 16గా పోతాయి. అచ్చు తల్లి కణంలాంటి రెండు కణాలు. ఇది శరీర కణాల పద్ధతి. మీ గోరు పెరిగినా, మోకాలి మీద దెబ్బ మానినా జరిగేది ఇదే.

తరువాత గింజ కోసం వదిలేసిన ఉల్లి మడి నుంచి పూలకాడ తెప్పించేదాన్ని. చివర పూలబంతి ఉంటుంది కదా, అందులో విచ్చుకోని చిన్న మొగ్గ తీసుకుని, లోపలి పుప్పొడి తిత్తిని అదే రంగులో నలిపి చూపించేదాన్ని. అక్కడ దృశ్యం వేరు. 16 దారాలూ ముందు జంటలు కడతాయి, 8 జంటలు. ఒకదాన్నొకటి పెనవేసుకుని కాసేపు అలాగే ఉంటాయి. ఆ పెనవేసుకున్నప్పుడే ముక్కలు మార్చుకుంటాయి. ఆ తరువాత జంటలు విడిపోయి 8 అటు, 8 ఇటు. సగం. అద్దంలో నుంచి కన్ను తీసి "మేడం, విడిపోతున్నాయి" అని అరిచిన ఒక పిల్ల ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. రంగు పట్టాక కణాలు చచ్చిపోతాయి, నిజానికి అక్కడ ఏదీ కదలదు. కానీ పక్కపక్క కణాలు వేరు వేరు దశల్లో ఆగిపోయి ఉంటాయి గనుక చూసేవాళ్లకు కదిలినట్టే ఉంటుంది.

మనిషిలోనూ అంతే. శరీర కణంలో 46, అండంలో 23, శుక్రకణంలో 23. రెండూ కలిస్తే మళ్లీ 46. సగం చేసుకోకుండా కలిస్తే తరానికి రెట్టింపవుతూ పోయేవి. ఒంగోలు ఆవుకైతే 60, గిత్త శుక్రకణంలో 30. పశువుల ఆసుపత్రిలో ద్రవ నత్రజని డబ్బాలో నుంచి పొగలు కక్కుతూ బయటికి తీసే సన్నటి గొట్టంలో ఉండేవి ఆ సగాలే.

సగం అంటే ఏదో ఒక సగం కాదు. ప్రతి జతలోనూ అమ్మది వెళ్తుందో నాన్నది వెళ్తుందో ఆ జత వరకే తేలుతుంది. 23 జతలకు లెక్కకడితే 83,88,608 రకాలు. ముక్కలు మార్చుకోవడం దీనికి అదనం. ఇంచుమించు 84 లక్షలు! మన పెద్దలు చెప్పే 84 లక్షల జీవరాశులకూ దీనికీ సంబంధం ఏమీ లేదు గానీ, ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఒకే తల్లి, ఒకే తండ్రి, అయినా అక్కకు ఒక పోలిక, చెల్లెలికి ఇంకొక పోలిక ఎందుకో ఇందులోనే ఉంది.

ఇక అండం, శుక్రకణం ఒకదానికొకటి ఎంత దూరమో చెప్పకుండా ఉండలేను. అండం మన ఒంట్లో అతి పెద్ద కణాల్లో ఒకటి. మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, మంచి వెలుతురులో మామూలు కంటికి అందీ అందనట్టు. విభజన అయ్యేటప్పుడు కూడా సమానంగా పంచుకోదు. సద్దిమూట మొత్తం ఒక్క కణానికే కట్టబెట్టి, మిగతా భాగాలను నలుసుల్లా విడిచిపెడుతుంది. శుక్రకణానికి ఆ మూట లేదు. తల, మెడ దగ్గర శక్తినిచ్చే భాగం, పొడవాటి తోక, అంతే. తల మిల్లీమీటరులో రెండు వందలవ వంతు. ఒక శుక్రకణం తయారు కావడానికి రెండు నెలల పైన పడుతుంది, యుక్తవయసు నుంచి రోజూ కోట్లలో పుడుతూనే ఉంటాయి. ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటే తప్ప అవి సరిగా తయారు కావు. ప్రకృతి వృషణాలను ఒంటికి వెలుపల సంచిలో ఉంచింది అందుకే.

ఆడపిల్ల అండాల కథ పూర్తిగా వేరు. తల్లి కడుపులో అయిదో నెలలో ఉండగా ఆ పసిదాని అండాశయాల్లో 60, 70 లక్షల దాకా ఉంటాయి. పుట్టేసరికి 10, 20 లక్షలు. ఈడేరేనాటికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలు. అంటే, అమ్మా, మీరు ఏ అండం నుంచి పుట్టారో ఆ అండం మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైంది. విభజన మధ్యలో ఆగిపోయి, ఏళ్ల తరబడి అలాగే కాచుకుని, మీ వంతు వచ్చినప్పుడు కదిలింది. అమ్మమ్మకు సీమంతం చేసిన రోజున మీలో సగం ఆ పీటల మీదే ఉంది.

ఇప్పుడు మీ సందేహానికి వద్దాం. శరీరంలో జరిగింది విత్తనపు మూటలోకి ఎక్కుతుందా? మన ఒంగోలు గిత్తలకు ఎన్ని తరాలుగా ముక్కు కుట్టి తాడు వేస్తున్నారు? ముక్కుకు రంధ్రంతో పుట్టిన దూడను ఎవరైనా చూశారా? మన ఇళ్లలో ఆడపిల్లలకు చెవులు కుట్టని తరం ఉందా? అయినా ప్రతి పసిదాన్నీ ఒళ్లో కూర్చోబెట్టుకుని మళ్లీ కుట్టించాల్సిందే. జర్మనీలో ఆగస్ట్ వైస్‌మన్ 1880లలో ఇదే సంగతి ఎలుకలతో తేల్చాడు. అయిదు తరాలు వరసగా తోకలు కత్తిరించాడు. పుట్టిన 900 పైచిలుకు పిల్లల్లో ఒక్కటీ తోక లేకుండా పుట్టలేదు. విత్తనపు మూటలోని బీజకణం నుంచి శరీరం వస్తుంది గానీ, శరీరానికి తగిలింది బీజకణంలో రాసుకోదన్నది ఆయన సిద్ధాంతం. దీనికి రెండో వైపు మన జిల్లా పేరుతోనే ఉంది. ఇక్కడి నుంచి ఓడలెక్కి బ్రెజిల్ చేరిన పశువులను వాళ్లు నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. వాటి సంతతి గుండ్లకమ్మ నీళ్లు ఎరగదు, మన చొప్ప ఎరగదు. అయినా ఆ మూపురం, ఆ తెల్లటి ఒళ్లు అలాగే ఉన్నాయి. అవి విత్తనంలో వెళ్లినవి.

పెద్దమ్మగారి "రక్తంలోనే ఉంది" అన్న మాట గురించి కూడా. ఆవిడను తప్పుపట్టను, రక్తసంబంధం అన్న మాట మన నోట అంతగా నానింది. కానీ పిల్లలకు వెళ్లేది రక్తం కాదు. రక్తానికి ఎరుపునిచ్చే ఎర్ర కణాల్లో కేంద్రకమే ఉండదు, క్రోమోజోములూ ఉండవు. నాలుగు నెలలు బతికి పోతాయి. తండ్రి రక్తం చుక్క కూడా బిడ్డకు చేరదు. తల్లి రక్తం సైతం మాయ దగ్గర పలచటి పొరకు అటే ఉండి ఆహారం అందిస్తుంది.

ఆ అబ్బాయి పళ్లకు ఏం జరిగిందో చూడండి. పన్ను చిగురులో నుంచి బయటికి రాకముందే, దవడ లోపల దాని పైపొర తయారవుతుంది. ఆ పొర కట్టే కణాలకు ఎక్కువ ఫ్లోరైడ్ అందితే పొర గట్టిగా కుదరదు. సుద్ద మచ్చలు పడతాయి, తరువాత అవి గోధుమరంగుకు తిరుగుతాయి. ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్ల చిట్టా ఆ పళ్ల మీద ఉందన్నమాట. పెద్దాయన నడుము పదుల ఏళ్ల పాటు ఎముకల్లోనూ కీళ్ల చుట్టూ ఎముకలను కట్టి ఉంచే స్నాయువుల్లోనూ పేరుకున్న ఫ్లోరైడ్ ఫలితం. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే గతి లేనప్పుడు ఒకటిన్నర దాకా. అది దాటిన బావులు, బోర్లు ఆ మెట్ట ప్రాంతంలో చాలా ఉన్నాయి, ఎందుకంటే అక్కడి రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. 1937లో వైద్యులు ఈ జబ్బును మన దేశంలో తొలిసారి వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. ఆ రాతి మీద పుట్టడం ఎవరి వంశదోషమూ కాదు.

సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. ఆ అబ్బాయి, వాళ్ల చెల్లెలు ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. జబ్బు బీజంలో ఉంటే అమ్మమ్మగారి ఊరు ఆమెను కాపాడేది కాదు. మారింది నీళ్లు. అంతే.

ఆ ఇంటి కోడలిగా వెళితే మీరు జాగ్రత్త పడవలసింది కూడా ఆ నీళ్ల విషయంలోనే. తల్లి తాగిన ఫ్లోరైడ్ కొంత మాయ దాటి బిడ్డకు చేరుతుంది. అది వంశం ఇచ్చింది కాదు, కడవ ఇచ్చింది. అత్తవారి ఇంట్లో తాగే నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కాచి తాగితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. బిడ్డ పుట్టాక ఎనిమిదేళ్ల దాకా మంచినీళ్లు, పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ దొరికేటట్టు చూసుకోండి. ఒంగోలులో కాపురం పెట్టినా అక్కడ తాగే నీటినీ ఇలాగే పరీక్షకు ఇవ్వండి. అబ్బాయి పళ్లను దంతవైద్యులు చాలావరకు సరిచేయగలరు, అది ఆయన ఇష్టం.

ఒక మాట తేటగా చెప్పాలి. విత్తనపు మూట ఇనుపపెట్టె కాదు. రేడియేషన్, కొన్ని క్యాన్సర్ మందులు బీజకణాల జన్యువులను నేరుగా దెబ్బతీయగలవు. ఏ దెబ్బా లేకపోయినా ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు సుమారు 60, 70 ఉంటాయి. మూడు వందల కోట్ల అక్షరాల జన్యులిపిని నకలు రాయడంలో దొర్లే పొరపాట్లవి, ఎక్కువ శాతం హాని లేనివి. ఏళ్ల తరబడి ఆగి ఉన్న అండం ఆలస్యంగా విడిపోయేటప్పుడు ఒక క్రోమోజోము అదనంగా వెళ్లిపోవచ్చు. 21వది అలా మూడయితే బిడ్డకు బుద్ధి, ఎదుగుదల మందగించే డౌన్ సిండ్రోమ్. ముప్పై అయిదు దాటాక గర్భం దాల్చినవాళ్లకు వైద్యులు అదనపు పరీక్షలు చెప్పేది అందుకే. మీకు 24, ఆ బెంగ అవసరం లేదు.

ఇక మేనరికం. ఇక్కడ నాకు నిజంగా భయమేస్తోంది. ఆ ఇంట్లో ఎవరి పళ్లూ గారపట్టలేదు, ఎవరి నడుమూ వంగలేదు, కాబట్టి ఏమీ లేదనుకుంటున్నారు. బీజకణం మోసేది కంటికి కనిపించే జబ్బులను కాదు. జతలో ఒక జన్యువు చెడి, రెండోది బాగుంటే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. తనలో ఉన్నట్టు తనకే తెలియదు. సగం చేసుకునేటప్పుడు ఆ చెడ్డది ఒక్కటే వెళ్లవచ్చు. అవతలి వైపు నుంచి కూడా అదే చెడ్డది వస్తే అప్పుడు బిడ్డలో బయటపడుతుంది. బయటివాళ్లయితే ఇద్దరిలోనూ అదే చోట అదే లోపం ఉండే అవకాశం తక్కువ. మీరూ మీ మామయ్య కొడుకూ ఒకే అమ్మమ్మ తాతయ్యల మనవరాలు, మనవడు. మీ ఇద్దరి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకటే.

మామయ్య కూతురి చెవుడు జ్వరం వల్ల వచ్చి ఉండవచ్చు. గర్భం మొదటి మూడు నెలల్లో రుబెల్లా అనే దద్దుర్ల జ్వరం సోకితే అలా జరుగుతుంది. కానీ పుట్టు చెవుడులో పెద్ద భాగం జన్యువుల వల్ల వచ్చేదే. అందులోనూ కనెక్సిన్ 26 అనే ఒక ప్రోటీన్ జన్యువులోని లోపం తరచుగా కనిపిస్తుంది. ఒకవేళ ఇక్కడా జన్యువే కారణమైతే లెక్క ఇలా ఉంటుంది. మామయ్య, అత్తయ్య ఇద్దరిలోనూ ఒక్కో చెడ్డ జన్యువు ఉన్నట్టే. చెవులు బాగున్న వాళ్ల అబ్బాయిలో అది ఉండే అవకాశం మూడింట రెండు పాళ్లు. మామయ్యకు అది అమ్మమ్మ నుంచో తాతయ్య నుంచో వచ్చింది గనుక మీ అమ్మగారిలో ఉండే అవకాశం సగం, మీలో పావు. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒకటి. అన్నీ గుణిస్తే 24లో ఒకటి. చిన్న అంకె కాదమ్మా. ఇది ఆ ఒక్క జన్యువు మాటే. మామూలుగా వందలో ముగ్గురు పిల్లలకు ఉండే పుట్టు లోపాల ప్రమాదం మేనరికంలో మరో రెండు మూడు శాతం పెరుగుతుంది. మేనరికపు దంపతుల పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు, అదీ నిజమే. కానీ చెవులు వినిపించని బిడ్డ ఎదురుగా తిరుగుతున్న ఇంట్లో తెలుసుకోకుండా ముందుకు వెళ్లడం తగదు.

ఎవరిని చేసుకోవాలో నేను చెప్పను, అది మీ మనసు. మేనరికం మాట ఇంట్లో ఇంకా నడుస్తుంటే ముందు అత్తయ్యను మెల్లగా అడగండి: ఆ జ్వరం ఎన్నో నెలలో వచ్చింది, ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు లేచాయా, ఆవిడకూ మామయ్యకూ పెళ్లికి ముందే చుట్టరికం ఉందా. ఆ అమ్మాయి పుట్టినప్పటి కాగితాలు ఉంటే తీసి ఉంచమనండి. తరువాత హైదరాబాదు నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది, అక్కడ చూపించండి. పరీక్ష మొదట చేయవలసింది మీకు కాదు, మీ బావకూ కాదు. వినిపించని ఆ అమ్మాయికి. ఆమెలో ఏ జన్యువు చెడిందో తెలిస్తే మీ ఇద్దరిలో అది ఉందో లేదో చూడటం తేలిక. ఆమెను వెంట తీసుకెళ్లేటప్పుడు ఎందుకో ఆమెకు అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకెళ్లండి. రేపు ఆమె పెళ్లికీ ఆ కాగితం పనికొస్తుంది.